చెనక్కాయ (వేరుశనగ) మిల్లుకు ఊరి నాయకుల మద్దతు: ముందు ఎవరి దగ్గరికి, ఏ కాగితంతో పోవల్ల?

పెన్నాతీరం (అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం వైపు. ఐదు ఊళ్ల రైతులతో ప్రొడ్యూసర్ కంపెనీ రిజిస్టరై ఉండాది, సభ్యులు 400 మంది. చెనక్కాయ కొట్టే మిషన్, గ్రేడరు, చిన్న గోడౌను పెట్టాలని బోర్డు తీర్మానం చేసింది. దీనికి మూడు పనులు జరగల్ల. పంచాయతీకి రోడ్డు పక్కన ఖాళీ షెడ్డు ఒకటి ఉండాది, అది లీజుకు రావల్ల. త్రీఫేజు లైను రావల్ల. షెడ్డు నుంచి తారురోడ్డు దాకా మట్టిదారి, వానొస్తే లారీ దిగబడుతుంది, అది బాగుపడల్ల.

సర్పంచ్ ఒక వర్గం, ఎంపీటీసీ ఇంకో వర్గం. కాయ కొనే వ్యాపారులు రెండు వర్గాలకూ కావలసినవాళ్లే. "చేద్దాంలే" అని అందరూ అంటారు, కాగితం మాత్రం కదలదు. ముందు ఎవరిని కలవాల, ఏమడగాల, తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

చిత్రావతి

అన్నా, "మీ మద్దతు కావాలి" అని పోతే "ఉంటుంది" అని చెప్పి పంపిస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, మీరు అడిగింది అంతే. ఎవరి కుర్చీకి ఏ అధికారం ఉందో చూసుకుని ఒక్కొక్కరిని ఒక్క పనే అడగండి.

షెడ్డు పంచాయతీది కాబట్టి అది సర్పంచ్ ఒక్కరి మాటతో రాదు, పాలకవర్గ తీర్మానం కావాలి. తీర్మానం రావాలంటే అంశం అజెండాలో ఉండాలి. అజెండా తయారుచేసేది, మినిట్స్ పుస్తకం రాసేది పంచాయతీ కార్యదర్శి. చాలామంది సర్పంచ్ ఇంటి చుట్టూ తిరుగుతారు గానీ కార్యదర్శికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోరు. సర్పంచ్ నిజంగానే సరే అన్నా, అర్జీ లేకపోతే అజెండాలో పెట్టడానికి ఆయన చేతిలో ఏమీ ఉండదు.

ఇక షెడ్డు నిలబడిన నేల ఏమిటో ముందు చూడండి. గ్రామకంఠమా, పోరంబోకా, ఎవరికో ఇచ్చిన అసైన్డ్ భూమా? అసైన్డ్ భూమి అయితే 1977 నాటి బదలాయింపు నిషేధ చట్టం అడ్డం వస్తుంది. వాగు, చెరువు పోరంబోకు అయితే పంచాయతీకి లీజుకిచ్చే హక్కే ఉండదు. సర్వే నంబరు 22-ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో, ఉందో లేదో తహసీల్దారు ఆఫీసులో సరిచూసుకున్నాకే నాయకుడి దగ్గరికి పోవాలి. అందరూ ఒప్పుకుని ఫొటోలు దిగాక నేల చిక్కు బయటపడితే, మాటిచ్చిన నాయకుడి పరువు పోతుంది. ఆ తర్వాత ఆయన మీ ఫోను ఎత్తడు.

పంచాయతీ ఆస్తిని లీజుకివ్వడం మామూలుగా బహిరంగ వేలంతోనే జరుగుతుంది. వేలం లేకుండా రైతుల కంపెనీకి ఇవ్వాలంటే పైఅధికారి అనుమతి కావాలి, కాబట్టి ఎవరి అనుమతి కావాలో కార్యదర్శిని అడిగి, ఆ మాట తీర్మానంలోనే రాయించండి. ఇలా ఉంటే చాలు:

"గ్రామ పంచాయతీకి చెందిన, సర్వే నంబరు ___ లోని ___ చదరపు అడుగుల షెడ్డును ___ ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్‌కు వేరుశనగ ఒలుపు, గ్రేడింగు, నిల్వ నిమిత్తం నెలకు రూ. ___ అద్దెపై ___ సంవత్సరములకు, పైఅధికారి అనుమతికి లోబడి, లీజుకు ఇచ్చుటకు తీర్మానించడమైనది. విద్యుత్ చార్జీలు, మరమ్మతులు కంపెనీ భరించవలెను. గడువు ముగిసిన పిమ్మట యంత్రములు కంపెనీకి, కట్టడము పంచాయతీకి చెందును."

చివరి వాక్యం వదలొద్దు. పాలకవర్గం మారిన రోజున కాపాడేది అదే.

హంద్రీగట్టు (కర్నూలు)

చిత్రావతి గారు చెప్పిన కాగితం సరే. అయితే వరుసలో నాది వేరే మాట. మన సీమ ఊళ్లలో మొదట ఏ ఇంటి గడప తొక్కితే సంఘం ఆ వర్గానిదైపోతుంది. తర్వాత రెండో ఇంటికి వెళ్లి ఎంత చెప్పినా "అక్కడ అంతా మాట్లాడుకుని మా దగ్గరికొచ్చినారు" అనే అంటారు.

అందుకే నాయకులకంటే ముందు వీధులు తిరగండి. ఐదు ఊళ్లలో ఒక్కో వీధి నుంచి ఇద్దరేసి రైతులు, రెండు వర్గాలవాళ్లూ ఉండేలా సంతకాలు పెట్టిన అర్జీ తయారుకావాలి. ఎస్సీ కాలనీ, కౌలు రైతులు తప్పకుండా ఉండాలి. పట్టా లేదని కౌలు రైతులను వదిలేస్తే, చెనక్కాయ నిజంగా పండించేవాళ్లలో సగంమంది బయటే ఉంటారు.

తర్వాత సర్పంచ్, ఎంపీటీసీ ఇద్దరినీ ఒకేరోజు కలవండి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. ఇద్దరికీ ఒకే కాగితం, అక్షరం తేడా ఉండకూడదు. పోయేవాళ్లూ వాళ్లే నలుగురు ఉండాలి, వాళ్లలో రెండు వర్గాల రైతులూ ఉండాలి. ఏ ఇంట్లోనూ రెండో వర్గం గురించి ఒక్క మాట రాకూడదు. "అవతలివాళ్లు ఏమన్నారు?" అని అడిగితే "మీకిచ్చిన కాగితమే వాళ్లకీ ఇచ్చినాం" అని చెప్పి ఆపేయండి.

ఫ్లెక్సీ జోలికి పోవద్దు. పని మొదలుకాకముందే "ధన్యవాదములు" అని ఒక నాయకుడి బొమ్మతో ఫ్లెక్సీ కడితే మిగతావాళ్లందరికీ సంఘం మీద కినుక మొదలవుతుంది. ప్రారంభోత్సవం విషయమూ అంతే. షెడ్డు పంచాయతీది, దారికి ప్రభుత్వ సొమ్ము పడుతుంది కాబట్టి శిలాఫలకం మీద పేర్ల వరుసకు ప్రోటోకాల్ ఉంటుంది. ఆ వరుస ఎంపీడీఓ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని అలాగే చెక్కించండి. మీరు సొంతంగా ఒక్క పేరు కిందికో పైకో జరిపినా ఆ తగవు మీ మెడకే చుట్టుకుంటుంది.

పద్దుపుస్తకం

నాయకుడు అడిగే మొదటి ప్రశ్న "ఊరికేమొస్తుంది?" దానికి జవాబు ఒక పేజీలో, అంకెలతో ఉండాలి. పెన్నాతీరం గారి సంఘానికి లెక్క వేసి చూపిస్తాను. అంకెలు మీ నిజమైన దిగుబడితో మార్చుకోండి.

400 మంది, ఒక్కొక్కరు సగటున 5 క్వింటాళ్లు తెస్తే 2,000 క్వింటాళ్ల కాయ. మంచి కాయలో పప్పు 70 శాతం దాకా వస్తుంది. అంటే 1,400 క్వింటాళ్ల పప్పు, 600 క్వింటాళ్ల పొట్టు. బెట్ట ఏడాది కాయ సరిగా నిండదు, 60–65 శాతమే లెక్కపెట్టుకోవాలి. గంటకు 5 క్వింటాళ్లు కొట్టే మిషన్ రోజుకు 8 గంటలు నడిస్తే 40 క్వింటాళ్లు, మొత్తం సరుకుకు 50 పనిదినాలు. "ఏడాదంతా ఉపాధి" అని ఎక్కడా రాయకండి. 50 రోజులు, రోజుకు ఇంతమంది, కూలి ఇంత అని రాయండి. నాయకుడు సభలో చెప్పుకోవడానికీ అదే పనికొస్తుంది, తర్వాత ఎవరూ నిలదీయరు. పొట్టు ఇటుక బట్టీలకూ బాయిలర్లకూ పోతుంది, ఆ రాబడి వేరే వరుసలో చూపించండి.

సబ్సిడీ మాట దగ్గర జాగ్రత్త. సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం, అంటే పీఎంఎఫ్ఎంఈ కింద 35 శాతం అని ఉంది, అది 2025–26 దాకా పెట్టిన పథకం, ఇప్పుడు అమల్లో ఉందో లేదో ముందు కనుక్కోండి. అనంతపురానికి ఒక జిల్లా ఒక ఉత్పత్తిగా వేరుశనగే ఉంది. యూనిట్ 20 లక్షలు అనుకుందాం. సంఘం వాటా కనీసం 10 శాతం, 2 లక్షలు. బ్యాంకు అప్పు 18 లక్షలు. సబ్సిడీ 7 లక్షలు బ్యాంకులోనే వేరే ఖాతాలో ఉంటుంది. అప్పు ఖాతా మూడేళ్లు సక్రమంగా నడిస్తేనే అందులోకి సర్దుబాటవుతుంది. కానీ ఊళ్లో ఎవరో ఒకరు మైకు పట్టుకుని "మా సంఘానికి 7 లక్షలు తెచ్చినాం" అంటారు. మర్నాటి నుంచి "ఆ ఏడు లక్షలు ఎక్కడ?" అనే ప్రశ్న మీ డైరెక్టర్లను వెంటాడుతుంది. నాయకుడికిచ్చే పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయండి: "సబ్సిడీ చేతికి రాదు, అప్పులో తగ్గుతుంది."

ఈక్విటీ గ్రాంటూ, అంటే సభ్యుల వాటా ధనానికి తోడుగా ఇచ్చే సొమ్మూ, ఇలాగే. 10,000 ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకంలో మీ సంఘం ఉంటే సభ్యుడి వాటాకు సరిసమానంగా, మనిషికి 2,000 మించకుండా, సంఘానికి 15 లక్షల వరకూ ఇస్తారు. 400 మందికి గరిష్ఠం 8 లక్షలే. 15 లక్షలొస్తాయని ఎవరైనా ఊళ్లో చెబుతుంటే ఇప్పుడే సరిచేయండి.

సమాఖ్య_అక్క

ఇప్పటిదాకా చెప్పినవాళ్లెవరూ ఆడవాళ్ల మాట ఎత్తలేదు, అందుకే రాస్తున్నా.

మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం మహిళలవి. మీ సర్పంచ్ మహిళ అయితే ఆమెతోనే మాట్లాడండి తమ్ముడూ. భర్తకో మరిదికో చెప్పేసి వచ్చి "సర్పంచ్‌కు చెప్పినాం" అనొద్దు. సంతకం ఆమెది, చెక్ పవర్ ఆమెది, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పేదీ ఆమే. మగవాళ్లు నలుగురే పోతే ఆమె ముందు గదిలోకే రాకపోవచ్చు. గ్రామ సంఘం (ఊళ్లోని పొదుపు సంఘాల సమాఖ్య) అధ్యక్షురాలిని, ఇంకో ఇద్దరు సభ్యులను వెంట తీసుకుపోండి. కాగితం చదివి వినిపించండి, ఆలోచించుకోవడానికి రెండు మూడు రోజులు ఇవ్వండి, అక్కడికక్కడే సంతకం అడగొద్దు.

మిల్లులో ఎక్కువ పని కాయ కొట్టడం కాదు, పప్పు ఏరడం. బద్దలు, బూజు పట్టినవి, ముడతలవి, రాళ్లు, అన్నీ చేత్తో ఏరాల్సిందే. ఆ పని ఎవరు చేస్తారో ఊరికంతా తెలుసు. అందుకని గ్రామ సంఘం సమావేశంలో తీర్మానం రాయించుకోండి: ఏరే పనికి సంఘ సభ్యుల జాబితా ఇది, వంతులు ఇలా, కూలి క్వింటాలుకు ఇంత. ఒక ఊళ్లో పాతికకు పైగా పొదుపు సంఘాలుంటే అది 250 కుటుంబాల మాట. ఏ వర్గం నాయకుడూ దాన్ని తేలిగ్గా తీసుకోడు. అర్జీకి ఆ తీర్మానం జతచేయండి.

ఆహార తయారీ చేసే పొదుపు సంఘాల సభ్యులకు పీఎంఎఫ్ఎంఈలోనే మనిషికి 40,000 వరకు మూలధనం ఉంది. చిక్కీ, పల్లీ పొడి చేసే సంఘాలుంటే పొదుపు సంఘాలను చూసే వెలుగు ఆఫీసులో ఏపీఎంను (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజరును) కలవండి. మిల్లుతో పాటు ఇదీ నడిస్తే పంచాయతీకి చూపించడానికి రెండో పని ఉంటుంది.

కదిరిలేపాక్షి

మద్దతు వచ్చాక అది ఎందుకు పోతుందో చెబుతాను. ఎక్కువసార్లు కారణం దుమ్ము.

డీకార్టికేటర్ (కాయ కొట్టే మిషన్) పొట్టును ఫ్యానుతో బయటికి తోస్తుంది. షెడ్డుకు గాలివాలులో ఇళ్లు, బడి, అంగన్‌వాడీ ఉంటే మూడో రోజుకే జనం సర్పంచ్ ఇంటి ముందు ఉంటారు. తీర్మానం చేసిన సర్పంచే మిల్లు ఆపమని చెప్పాల్సి వస్తుంది. కొత్త మిషన్ కొటేషన్‌లోనే సైక్లోన్ (గాలిలోంచి దుమ్మును వేరుచేసే డబ్బా), పొట్టు గది ఖర్చు కలపండి. పొట్టు కుప్ప ఆరుబయట వదలొద్దు, నిప్పురవ్వ చాలు. ఈ రెండింటి బొమ్మ, షెడ్డు చుట్టూ ఇళ్లెంత దూరమో చూపే చిన్న నక్షా అర్జీతోనే ఇస్తే, పంచాయతీ సభ్యులు అడిగే ప్రశ్నకు ముందే జవాబు ఉంటుంది.

కరెంటు సంగతి. వ్యవసాయ ఫీడరుకు పగటిపూట 9 గంటలే సరఫరా, పైగా అది పంపుసెట్లకు. దాని నుంచి లైను లాగించుకుంటే మిల్లు నడవదు, కనెక్షనూ నిలవదు. పరిశ్రమల కేటగిరీలో ఎల్‌టీ (లో టెన్షన్) కనెక్షన్‌కు విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టి నంబరు తీసుకోండి. డీకార్టికేటర్‌కు 7.5 హెచ్‌పీ అంటే సుమారు 5.6 కిలోవాట్లు. గ్రేడరు, ఎలివేటరు, లైట్లు కలిపి లోడు ఒకేసారి అడగండి. ఆ సంస్థ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఎస్టిమేటు వేశాక, అందులో ఎన్ని స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ కొత్తదా పాతదా అన్నది తెలుస్తుంది. ఎమ్మెల్యే లేఖ అడగాల్సింది అప్పుడు. "లైను ఇప్పించండి సార్" అంటే ఆయన ఎవరికి ఏం రాయాలి? "ఫలానా దరఖాస్తు నంబరు, ఎస్టిమేటు ఇంత, డబ్బు కట్టేశాం, పని త్వరగా చేయించండి" అంటే ఆయన పీఏ పది నిమిషాల్లో రాసిస్తాడు.

ఇంకొకటి. కొట్టేముందు కాయ మీద నీళ్లు చల్లే అలవాటు కొన్ని మిల్లుల్లో ఉంది. బద్దలు తగ్గుతాయని, తూకం పెరుగుతుందని అలా చేస్తారు. ఆ తడితోనే బూజు, బూజుతో ఆఫ్లాటాక్సిన్ అనే విషం. మన ఆహార భద్రతా ప్రమాణాల్లో నేరుగా తినే పప్పుకు కిలోకు 10 మైక్రోగ్రాములు, మళ్లీ శుద్ధిచేసే సరుకుకు 15 హద్దు. ఐరోపాకు నేరుగా తినే సరుకైతే మొత్తం 4 మాత్రమే. కాయ తేమ 8 శాతం దగ్గరికి ఆరాకే నిల్వ, ఎండు కాయనే కొట్టడం, బద్దలు తగ్గాలంటే జల్లెడ, డ్రమ్ము మధ్య సందు రకాన్ని బట్టి సరిచేసుకోవడం. కదిరి-6 రకం కాయకు పెట్టిన సందుతో పెద్ద కాయ రకం కొడితే పప్పు సగం బద్దలవుతుంది.

పెన్నాతీరం

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకో మూడు చిక్కులు ఉండాయి. ఒక పెద్దమనిషి తన మనిషిని డైరెక్టరుగా పెట్టుకోమంటాడు. ఇంకొకరు ఆపరేటరు పని తన బంధువుకు ఇయ్యమంటాడు. వ్యాపారులేమో "సంఘానికి కాయ వేస్తే వచ్చే ఏడాది విత్తనం అప్పివ్వం" అని రైతులతో అంటాండారు. వీటికి ఎట్లా జవాబు చెప్పల్ల?

చిత్రావతి

డైరెక్టరు సంగతి చట్టమే తేల్చింది, మీరు కాదనాల్సిన అవసరమే లేదు. ప్రొడ్యూసర్ కంపెనీలో డైరెక్టర్లు 5 నుంచి 15 మంది, సభ్యులే ఎన్నుకుంటారు, సభ్యుడు కావాలంటే ఉత్పత్తిదారుడై ఉండాలి. వ్యక్తులే సభ్యులైనచోట ఎన్ని వాటాలున్నా ఒక్కటే ఓటు. ఆ మనిషి చెనక్కాయ వేసే రైతైతే సభ్యత్వం తీసుకుని సర్వసభ్య సమావేశంలో నిలబడొచ్చు. ఈ మాట మర్యాదగా, నియమావళి కాపీ చేతికిచ్చి చెప్పండి. నిపుణులను బోర్డు తనంతట తాను తీసుకోవచ్చు గానీ మొత్తం డైరెక్టర్లలో ఐదో వంతు మించకూడదు, వాళ్లకు చైర్మన్ ఎన్నికలో ఓటు ఉండదు. ఆ చోట్లు మార్కెటింగ్ తెలిసినవాళ్లకో, రిటైరైన బ్యాంకు మేనేజరుకో ఉంచండి.

నాయకులకు గౌరవమైన చోటు వేరే కల్పించండి. ఏడాదికి రెండుసార్లు కూర్చునే సలహా సంఘం: సర్పంచ్, ఎంపీటీసీ, గ్రామ సంఘం అధ్యక్షురాలు, రైతు సేవా కేంద్రం నుంచి వ్యవసాయ సహాయకులు. పేరుతో కాకుండా పదవితో రాయండి. ఎన్నికల్లో మనిషి మారితే ఆ చోట్లో కొత్తవాళ్లు వచ్చి కూర్చుంటారు, ఎవరినీ తీసేసినట్టు ఉండదు. ఈ సంఘానికి సంతకం అధికారం, కొనుగోలు అధికారం ఉండవని మొదటి తీర్మానంలోనే ఉండాలి.

కదిరిలేపాక్షి

ఆపరేటరుకు అర్హతలు ముందే గోడకు అంటించండి: మోటారు, బెల్టు, బేరింగు పని తెలియాలి, మిషన్ కంపెనీ ఇచ్చే శిక్షణకు పోవాలి, నెల రోజులు పరిశీలనలో ఉండాలి, ఆ నెల బద్దల శాతం రాసి పెట్టాలి. నాయకుడి బంధువు వస్తే రానివ్వండి, ఇదే పరీక్షలో నిలబడితే పెట్టుకోండి. రాకముందే కాదనడంలో అర్థం లేదు. ఆపరేటరు సరిగా లేకపోతే పప్పు బద్దలై క్వింటాలు ధర పడిపోతుందని ఆ నాయకుడి వర్గం రైతులకూ తెలుసు, వాళ్లే చెబుతారు.

చీనీతోట (కడప)

వ్యాపారుల సంగతి నేను చెప్తా. వాళ్లు చేసేదాంట్లో ఒక నిజమైన సేవ ఉంది. జూన్‌లో బ్యాంకు చేయనప్పుడు విత్తనానికి, మందుకు అప్పిస్తారు. ఆ అప్పుకు బదులు కాయ వాళ్లకే పోతుంది. సంఘం ఆ అప్పు తీర్చలేనప్పుడు "అందరూ మాకే వేయండి" అంటే రైతు ఇరుకున పడతాడు, వ్యాపారి నాయకుడి దగ్గరికి పోతాడు, నాయకుడు వెనక్కి తగ్గుతాడు. మద్దతు ఇలాగే జారిపోతుంది.

అందుకని 400 మందిలో వ్యాపారి అప్పు లేనివాళ్లెంతమందో ముందు విడదీయండి. మొదటి ఏడాది లెక్క వాళ్ల కాయతోనే వేయండి. పద్దుపుస్తకం గారి 2,000 క్వింటాళ్లు అప్పుడు 700 కావచ్చు, 900 కావచ్చు. మిల్లు అంత సరుకుతో నిలబడుతుందో లేదో తేల్చుకున్నాకే అప్పుకు పోవాలి. మిగతా సమయంలో వ్యాపారుల కాయ కూడా కూలికి కొట్టిపెట్టండి, క్వింటాలుకు ఇంత అని బోర్డు మీద రాసి, సభ్యులకు కొంచెం తక్కువ, బయటివాళ్లకు కొంచెం ఎక్కువ. ఊళ్లో మిల్లు ఉంటే వాళ్లకూ రవాణా కలిసొస్తుంది. ఎదురుతిరగాల్సినవాళ్లు ఖాతాదారులవుతారు.

రైతు మనసు గెలిచేది తూకం. చీనీ (బత్తాయి) మార్కెట్లలో "సూటు" పేరుతో తూకంలో కోసుకోవడం ఎంత మంటగా ఉంటుందో మన రైతులకు చెప్పనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించి, ఆ సర్టిఫికెట్ కాటా పక్కనే తగిలించండి. మొదటి బస్తా తూకం రోజు సర్పంచ్‌ను, ఎంపీటీసీని కాటా దగ్గరికే పిలవండి. స్టేజీ, మైకు అక్కర్లేదు.

హంద్రీగట్టు

కాలం సంగతి ఎవరూ చెప్పలేదు. ఖరీఫ్ కాయ అక్టోబరు, నవంబరులో వస్తుంది. ఆ లోపు మిషన్ తిరగాలంటే వెనక్కి లెక్క వేసుకోండి: సెప్టెంబరులో ట్రయల్, ఆగస్టుకు కరెంటు, జూన్, జూలైలో బ్యాంకు మంజూరు. అంటే లీజు తీర్మానం, పైఅధికారి అనుమతి ఏప్రిల్‌కల్లా చేతిలో ఉండాలి. జూన్‌లో వాన పడ్డాక రైతూ దొరకడు, నాయకుడూ దొరకడు.

ఎన్నికలూ చూసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో గెలిచినవాళ్ల పదవీకాలం ఐదేళ్లు. ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చాక కొత్త లీజు, కొత్త పని ఏదీ కదలదు. ఒకవేళ ప్రత్యేకాధికారి పాలనలో ఉంటే, తీర్మానం ఆ అధికారి పేరుతో వస్తుంది, అది చెల్లుతుంది. కానీ అప్పుడూ గ్రామసభలో చదివించుకోండి. కొత్త సర్పంచ్ వచ్చి "నాకు తెలియకుండా ఇచ్చినారు" అంటే ఊరంతా విన్న సంగతి అని చెప్పగలగాలి.

మట్టిదారికి కూడా గ్రామసభే దారి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులు తీర్మానించారు. అలాంటి సభలో మీ దారి పేరు, మొదలు, చివర, పొడవు మీటర్లలో చెప్పి జాబితాలో రాయించాలి. "మిల్లు రోడ్డు" అని రాయిస్తే ప్రైవేటు పని అంటారు. ఆ దారి వెంబడి పొలాలున్న రైతుల చేత అడిగించండి, అది నిజంగా వాళ్లకూ దారే కదా. పంచాయతీ సొంతంగా వేయాలంటే కష్టం. 15వ ఆర్థిక సంఘం (2021–26) నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసినవే, మిగిలిన 40 శాతంలోనే ఊరి మిగతా అవసరాలన్నీ తీరాల్సి వచ్చేది. సర్పంచ్ "డబ్బుల్లేవు" అంటే చాలాసార్లు అది నిజమే, తప్పించుకోవడం కాదు.

పద్దుపుస్తకం

ఒక హెచ్చరిక. 11 నెలల అగ్రిమెంటుతో మిషన్ దించొద్దు. ఏడాది మించిన లీజు రిజిస్టర్ చేయాలని ఖర్చు తప్పించుకోవడానికి చాలామంది 11 నెలలు రాసుకుంటారు. బ్యాంకు మాత్రం అప్పు తీరే కాలమైనా లీజు ఉండాలంటుంది. ఐదేళ్ల అప్పుకు ఐదేళ్లు మించిన లీజు అడగండి, రిజిస్టర్ చేయించండి. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల వరకు అప్పుపై 3 శాతం వడ్డీ రాయితీ ఏడేళ్ల వరకూ అని ఉంది, గోడౌను దాని కిందికి వస్తుంది, ఇప్పుడూ కొత్త అప్పులకు ఇస్తున్నారో లేదో బ్యాంకులో కనుక్కోండి. లీజు తక్కువగా ఉంటే ఆ లాభమూ పూర్తిగా అందదు.

సమాఖ్య_అక్క

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడదామని కొందరు తొందరపడతారు. పెట్టొచ్చు. కానీ సర్పంచ్‌కు, కార్యదర్శికి ముందే చెప్పి పెట్టండి. మండలానికి వెనక్కి వచ్చే ఆ అర్జీకి జవాబు రాయాల్సింది వాళ్లే. చెప్పకుండా పెడితే అది వాళ్ల మీద ఫిర్యాదు అయిపోతుంది. "లీజు అనుమతి త్వరగా రావాలని పెడుతున్నాం, మీరూ సంతకం పెట్టండి" అంటే అదే అర్జీ వాళ్లదీ అవుతుంది.

మిల్లు నడిచాక ప్రతి మూడు నెలలకూ ఒక కాగితం పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టండి: వచ్చిన కాయ, పప్పు శాతం, ఏరిన ఆడవాళ్లకు ఇచ్చిన కూలి, పంచాయతీకి కట్టిన అద్దె రసీదు నంబరు, బ్యాంకు కంతు. నష్టమొచ్చిన మూడు నెలలదీ పెట్టాలి. ముందే తెలిస్తే నాయకులు సాయానికి వస్తారు, చివర్లో తెలిస్తే దూరం జరుగుతారు.

పెన్నాతీరం

అర్జీ, లీజు తీర్మానం డ్రాఫ్టు తయారుచేసినాం. తీర్మానంలో పైన చిత్రావతి అన్న ఇచ్చిన మాటలే వాడినాం, కాలం ఏడేళ్లు, అద్దె ఏటా 5 శాతం పెంపు అని చేర్చినాం. సభ్యుల జాబితాలో వ్యాపారి అప్పు లేనివాళ్లు 160 మంది తేలినారు. ఇంకేమన్నా మార్చాల్నా?

చిత్రావతి

160 మందితో లెక్క మళ్లీ వేయండి, మనిషికి 5 క్వింటాళ్లయితే 800. 5 క్వింటాళ్ల మిషన్‌కు 20 రోజుల పనే, కాబట్టి కూలికి కొట్టే సరుకు ఎంతొస్తుందో వ్యాపారులను అడిగి తెలుసుకున్నాకే మిషన్ సైజు తేల్చండి.

డ్రాఫ్టులో రెండు సవరణలు. కంపెనీ పేరు పక్కన రిజిస్ట్రేషన్ నంబరు లేదు, రాయండి. షెడ్డు నాలుగు హద్దులూ తూర్పు నుంచి వరుసగా రాయండి, సర్వే నంబరు ఒక్కటే చాలదు. కార్యదర్శికి రెండు కాపీలు ఇచ్చి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని రండి.